కిడ్నీ రిపోర్టు చూసి గుండెకు ఎకో రాశారు, ఎందుకు?

దర్శి అబ్బాయి

అందరికీ నమస్కారం. మా నాయనకి 58 ఏళ్లు, దర్శిలో ఎరువుల కొట్టు. బీపీ చాలాకాలంగా ఉంది, షుగర్ లేదు. ఈ మధ్య రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.9 వచ్చింది. ఒంగోలులో కిడ్నీ డాక్టర్ గారికి చూపించాం. ఆయన మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష రాశారు, సరే. దాంతోపాటు గుండెకు ఈసీజీ, ఎకో (గుండె స్కాను) రాశారు. బీపీ మాత్ర మార్చి, కొలెస్ట్రాల్ మాత్ర కూడా మొదలుపెట్టారు. నాయనకి ఛాతీనొప్పి లేదు, ఆయాసం లేదు, రోజూ కొట్లో నిలబడి పని చేస్తాడు. "కిడ్నీకని పోతే గుండె జబ్బు కూడా అంటగడుతున్నారు, ఎకో వద్దు" అని మొండికేశాడు. మా బాబాయి కూడా ఆయన వైపే. నిజంగా అవసరమా? తెలిసినవాళ్లు చెప్పండి, నాయనకి చదివి వినిపిస్తాను.

పెన్నాతీరం సిస్టర్

తమ్ముడూ, నేను నెల్లూరులో గుండె ఐసీయూలో నర్సుగా చేస్తున్నాను. ఎకో తీయించండి. మా వార్డుకు గుండెపోటుతో, ఊపిరితిత్తుల్లో నీరు చేరి వచ్చేవాళ్ల పాత రిపోర్టులు తిరగేస్తే చాలామందికి క్రియాటినిన్ ముందే పెరిగి ఉంటుంది. "కొంచెమే పెరిగింది" అనుకుని వదిలేసి ఉంటారు.

1.9 కొంచెం కాదు. 58 ఏళ్ల మగవాళ్లకి ఆ అంకెను లెక్కగడితే ఇ-జీఎఫ్ఆర్, అంటే కిడ్నీ వడపోత వేగం అంచనా, 40 దగ్గర వస్తుంది. అంటే కిడ్నీ జబ్బు ఐదు దశల్లో మూడోది. 62 ఏళ్ల ఆడమనిషికైతే 1.4 ఉన్నా దాదాపు అంతే వస్తుంది. అందుకే క్రియాటినిన్ ఒక్కటే చూడకుండా వయసు, ఆడా మగా అన్నదీ కలిపి లెక్కవేయాలి.

కిడ్నీ జబ్బు అనగానే మన జనం డయాలసిస్ గురించే భయపడతారు. కానీ ఈ దశలో ఉన్నవాళ్లలో డయాలసిస్ దాకా వెళ్లేవాళ్లకంటే, అంతకుముందే గుండె జబ్బుతో పోయేవాళ్లే ఎక్కువ. అమెరికాలో 11 లక్షల మందికి పైగా రికార్డులు చూసి 2004లో ఒక పెద్ద పరిశీలన వేశారు. జీఎఫ్ఆర్ 60 పైన ఉన్నవాళ్లతో పోలిస్తే 45–59 మధ్య ఉన్నవాళ్లకి గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చే అవకాశం 1.4 రెట్లు, 30–44 మధ్య 2 రెట్లు, 15–29 మధ్య 2.8 రెట్లు ఉంది. మీ నాయన ఆ 2 రెట్ల వరసలో ఉన్నాడు. ఆ డాక్టర్ గారు సరైన పనే చేశారు.

సింగరాయకొండ మాస్టారు

నేను రిటైరైన సైన్సు మాస్టారిని. ఇంట్లో కిడ్నీ జబ్బు చూసినవాణ్ణి కాబట్టి దీని గురించి చాలా చదివాను. మీ నాయనకి వినిపిస్తానన్నావు కదా, కాస్త వివరంగా రాస్తాను.

ఈ సంబంధం ఇప్పుడు కొత్తగా కనిపెట్టింది కాదు. లండన్ గైస్ ఆసుపత్రిలో రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు కిడ్నీ చెడి చనిపోయినవాళ్ల శరీరాలు పరీక్షించి, వాళ్లలో చాలామందికి గుండె ఎడమ భాగం లావెక్కి ఉందని 1836లోనే రాశాడు. అప్పటికి చేతికి కట్టి బీపీ కొలిచే పరికరమే లేదు. కవాటాల్లో లోపం లేకుండా గుండె ఎందుకు పెరిగిందని ఆయన ఆలోచించాడు. కిడ్నీ పాడైతే రక్తం స్వభావం మారి, చిన్న నాళాల్లోంచి దాన్ని నెట్టడానికి గుండె ఎక్కువ కష్టపడాల్సి వస్తుందేమోనని ఊహించాడు. 190 ఏళ్ల కిందటి ఊహ ఇప్పటికీ చాలావరకు నిలబడింది.

గుండె పంపే రక్తంలో ఐదో వంతుకు పైగా కిడ్నీలకే పోతుంది. పిడికిలంత ఉండే రెండు అవయవాలకి అంత రక్తం. అవి రోజుకు సుమారు 180 లీటర్లు వడకట్టి, దాదాపు మొత్తం తిరిగి రక్తంలోకి పంపి, లీటరున్నరో రెండు లీటర్లో మూత్రంగా వదులుతాయి. ఈ పని మందగిస్తే ముందు ఉప్పు, నీరు ఒంట్లో ఆగుతాయి. రక్తం పరిమాణం పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. అదొక దారి.

రెండోది రెనిన్. దెబ్బతిన్న కిడ్నీ తనకు రక్తం చాలడం లేదని భావించి రెనిన్ విడుదల చేస్తుంది. దాన్ని 1898లో స్వీడన్‌లో టీగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు గుర్తించారు. రెనిన్ వల్ల చివరికి యాంజియోటెన్సిన్ తయారై నాళాలు బిగుసుకుంటాయి, ఆల్డోస్టిరోన్ పెరిగి ఉప్పు ఇంకా ఆగుతుంది. బీపీ మళ్లీ పెరుగుతుంది, ఆ బీపీ కిడ్నీలోని సన్నని జల్లెడల్ని ఇంకా చెడగొడుతుంది. ఒకదాన్నొకటి తినేసే చక్రం ఇది.

మూడోదాన్ని మనవాళ్లు అసలు పట్టించుకోరు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. అది భాస్వరం. తిండిలో వచ్చే ఫాస్ఫేట్‌లో ఎక్కువయినదాన్ని బయటికి పంపేది కిడ్నీయే. కిడ్నీ నీరసిస్తే ఎముకల నుంచి ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోను, మెడలోని పారాథైరాయిడ్ హార్మోను పెరిగి దాన్ని అదుపులో పెట్టడానికి ప్రయత్నిస్తాయి. అందుకే రక్తంలో ఫాస్ఫరస్ చాలాకాలం మామూలుగానే కనిపిస్తుంది. కానీ ఆ ఎఫ్‌జీఎఫ్-23 నేరుగా గుండె కండరాన్ని లావెక్కిస్తుందని జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. జబ్బు ముదిరి ఫాస్ఫేట్ ఆగడం మొదలైతే, క్యాల్షియంతో కలిసి ధమనుల గోడ మధ్యపొరలో పేరుకుంటుంది. నాళం గోడలోని కండరకణాలే ఎముక కణాల్లా మారిపోతాయి. కొవ్వు పేరుకుని నాళం మూసుకుపోవడం వేరు, ఇది వేరు. ఇక్కడ దారి తెరిచే ఉంటుంది, గోడ మాత్రం ఎండకు గట్టిపడ్డ పొలం పైపులా సాగే గుణం పోగొట్టుకుంటుంది. అప్పుడు బీపీలో పై అంకె బాగా పెరిగి కింది అంకె తగ్గుతుంది. గుండె కొట్టిన ప్రతిసారీ ఆ గట్టి గోడకు ఎదురుగా నెట్టాలి.

ఇక రక్తహీనత. ఎర్ర రక్తకణాలు తయారవ్వడానికి కావాల్సిన ఎరిత్రోపోయిటిన్ కిడ్నీలోనే పుడుతుంది. అది తగ్గితే హిమోగ్లోబిన్ తగ్గుతుంది, ఉన్న రక్తంతోనే సరిపెట్టడానికి గుండె వేగం పెంచుకుంటుంది.

ఇవన్నీ నొప్పి లేకుండా జరుగుతాయి. అందుకే నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఎకో అడిగారు.

పొదిలి రైతు

మాస్టారు బాగా చెప్పారు. కానీ నా అనుభవం కూడా వినండి. మా బావమరిదికి కూడా ఇలాగే ఏదో కొత్త బీపీ మాత్ర రాశారు. నెల తిరిగేసరికి క్రియాటినిన్ 1.6 నుంచి 1.9 అయింది. కిడ్నీని కాపాడే మాత్ర అన్నారు, అదే చెడగొట్టింది. మేం ఆపేశాం. పొద్దున్నే రెండు కొబ్బరిబోండాలు తాగిస్తున్నాం, మూత్రం ఫ్రీగా వస్తోంది. మీ నాయనకి కూడా ఇంగ్లీషు మందులు తగ్గించి బోండాం నీళ్లు ఇవ్వండి.

కావలి ఫార్మసిస్టు

రైతు అన్నా, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా, ఈ రెండూ ప్రమాదం. ఈరోజే మీ బావమరిదికి ఫోన్ చేయండి.

ఆ మాత్ర పేరు చివర 'ప్రిల్' అనో 'సార్టన్' అనో ఉంటుంది. రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటివి. మాస్టారు చెప్పిన రెనిన్ చక్రాన్ని ఆపేవి ఇవే. కిడ్నీ జల్లెడ లోపలి ఒత్తిడిని ఇవి తగ్గిస్తాయి. ఒత్తిడి తగ్గగానే వడపోత కూడా కాస్త తగ్గి, క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. అది ముందే అనుకున్నదే. 30 శాతం లోపు పెరిగితే మాత్ర కొనసాగించమనే వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. 1.6 నుంచి 1.9 అంటే 19 శాతం. అది మాత్ర పాడుచేసిందనడానికి గుర్తు కాదు. మాత్ర మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూసుకోవాలి, అంతే. జబ్బు బాగా ముదిరినవాళ్లలో కూడా ఈ మాత్రలు ఆపితే కిడ్నీ మెరుగవుతుందేమోనని బ్రిటన్‌లో పరీక్షించి 2022లో ఫలితం చెప్పారు. ఆపినా మెరుగవలేదు.

ఇక బోండాం. ఒక బోండాంలో కాయ సైజును బట్టి 500 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉండొచ్చు. కిడ్నీ బాగున్నవాళ్లకి ఏమీ కాదు. కిడ్నీ సగం కూడా పనిచేయనివాళ్లు రోజూ రెండు తాగితే పొటాషియం రక్తంలో ఆగిపోవచ్చు. అది 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం. మొదట్లో కాళ్లు నీరసంగా ఉండొచ్చు, లేదా ఏ సూచనా లేకుండానే గుండె ఆగిపోవచ్చు. మూత్రం బాగా వస్తోంది కదా అని ధైర్యపడొద్దు, నీళ్లు పోతున్నంత మాత్రాన పొటాషియం పోతున్నట్టు కాదు.

ఇంకొకటి, మా షాపులో నేను రోజూ చూసేది. మోకాళ్ల నొప్పులకి, నడుం నొప్పికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ చీటీ లేకుండా అడుగుతారు. కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి, ఉప్పు నీరు ఆపుతాయి, బీపీ పెంచుతాయి, గుండె ఫెయిల్యూర్ ఉన్నవాళ్లని ఆసుపత్రికి పంపుతాయి. బీపీ మాత్ర, నీటి మాత్ర వాడేవాళ్లు వీటిని కలిపితే మూడూ కలిసి కిడ్నీని ఒక్కసారిగా దెబ్బతీస్తాయి. నొప్పికి పారాసిటమాల్ అడగండి.

చీమకుర్తి క్వారీ

ఇది మావాళ్లందరూ చదవాలి. గ్రానైటు క్వారీల్లో ఎండాకాలం రాయి వేడికి చెమట కారి కారి ఒంట్లో నీళ్లు ఉండవు. సాయంత్రానికి ఒళ్లు నొప్పులని ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు. పైన చెప్పినవే ఆ సూదులు. నలభై ఏళ్లకే కాళ్లు వాచి తిరిగేవాళ్లని చూశాను. బీపీ ఎప్పుడైనా చూపించుకున్నారా అంటే ఎవరూ చూపించుకోరు. దానికి తోడు చుట్ట, బీడీ. పొగాకు పండే జిల్లా మాది, తాగొద్దంటే నవ్వుతారు. కిడ్నీకి, గుండెకి రెండింటికీ అదీ శత్రువే. ఇక్కడ చదివింది ఫోన్‌లో పెట్టి మావాళ్లకి చూపిస్తాను.

కనిగిరి ఆడపడుచు

మా పక్క ఫ్లోరైడు నీళ్ల సంగతి అందరికీ తెలుసు. మా మండలంలో కిడ్నీ జబ్బులు ఎక్కువని అంటారు. ఫ్లోరైడు వల్ల గుండెకి కూడా వస్తుందా? మా అత్తమ్మకి నడుం వంగిపోయింది, ఇప్పుడు క్రియాటినిన్ కూడా పెరిగింది.

సింగరాయకొండ మాస్టారు

అమ్మా, మన ప్రాంతానికి ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడకముందు కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ని (ఫ్లోరైడు వల్ల ఎముకలకి వచ్చే జబ్బు) మొదట గుర్తించి 1937లో వైద్య పత్రికలో రాసింది ఆ నెల్లూరు జిల్లా పల్లెల గురించే. అంటే దాదాపు 90 ఏళ్లుగా తెలిసిన బాధ. ఇప్పటికీ మన పల్లెల్లో జనం క్యాన్ నీళ్లు కొనుక్కుని తాగుతున్నారంటే నాకు కడుపు రగిలిపోతుంది.

నీ ప్రశ్నకి నాకు గట్టిగా తెలిసినంతవరకే చెబుతాను. ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడుని బయటికి పంపే ముఖ్యమైన దారి కిడ్నీయే. కిడ్నీ నీరసించినవాళ్ల ఒంట్లో అదే నీళ్లు తాగినా ఎక్కువ ఆగుతుంది. కాబట్టి మీ అత్తమ్మకి నీళ్ల విషయంలో మిగతావాళ్లకంటే గట్టి జాగ్రత్త కావాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, 1 లోపుంటే మంచిది. తాగడానికే కాదు, వంటకి కూడా శుద్ధి చేసిన నీళ్లే వాడండి. పప్పు ఉడికించే నీళ్లు బోరువే పోస్తే ఏం లాభం? ఆమె గుండెకు ముప్పు మాత్రం కిడ్నీ తగ్గడం వల్ల ఎటూ ఉంది. ఆ నీళ్లు తాగినా తాగకపోయినా బీపీ, మూత్రంలో అల్బుమిన్, హిమోగ్లోబిన్ చూపించండి.

ఆత్మకూరు డయాలసిస్ అన్న

నేను వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటాను. ఇక్కడ గుండె గురించి మాట్లాడుతుంటే నా మాట కూడా ఒకటి రాద్దామనిపించింది.

మాకు వారంలో ఒకచోట రెండు రోజులు వరసగా మిషను ఉండదు. ఆ గ్యాపు చివర్లోనే గుండె సమస్యలు, మరణాలు ఎక్కువని 2011లో అమెరికా లెక్కల్లో తేలిందని మా యూనిట్‌లో టెక్నీషియన్ చెప్పాడు. నీళ్లు, పొటాషియం రెండూ ఆ రోజుల్లోనే పేరుకుంటాయి. నాకు ఆదివారం పెళ్లి భోజనం అయితే సోమవారం తెల్లారుజామున పడుకోలేను, లేచి కూర్చుంటాను. దగ్గు వస్తుంది, కానీ అది జలుబు కాదు, ఊపిరితిత్తుల్లో నీరు. ఇది తెలియక చాలామంది దగ్గు మందు తాగుతూ కూర్చుంటారు. పడుకుంటే ఆయాసం వచ్చి, లేచి కూర్చుంటే తగ్గితే వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఉప్పు తగ్గించాకే నాకు దాహం తగ్గింది. నీళ్లు తాగొద్దని నోరు కట్టేసుకోవడం ఎవరివల్లా కాదు. ఉప్పు తగ్గితే దాహం దానంతటదే తగ్గుతుంది. నెల్లూరు చేపల పులుసు మానలేదు. అందులో ఉప్పు సగం వేస్తున్నారు, పులుపుతో నడిచిపోతోంది. ఎండుచేపలు మాత్రం పూర్తిగా మానేశాను.

ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం చేతి రక్తనాళాలు కలిపే ఆపరేషన్) వేసిన చేతికి బీపీ కట్టనివ్వకండి, రక్తం తీయనివ్వకండి. ఇంకా డయాలసిస్ దాకా రానివాళ్లు కూడా ముందునుంచే ఎడమ చేతి నరాలు కాపాడుకోండి, సెలైన్లన్నీ అరచేతి వెనక పెట్టమని అడగండి. ఖర్చు సంగతి అడిగేవాళ్లకి: ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) డయాలసిస్ ఉచితంగా జరుగుతుంది, నెలకు 10,000 పింఛను కూడా ఉంది. సచివాలయంలో అడగండి.

పెన్నాతీరం సిస్టర్

అన్నా, మీరు రాసింది బంగారం. ఉప్పు గురించి నేనూ రెండు మాటలు కలుపుతాను. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూన్ మాత్రమే. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడం, వడియాలు, ఎండుచేప, మజ్జిగలో చిటికెడు, ఇవన్నీ ఆ టీస్పూన్‌లోనే. "కూరలో తక్కువే వేస్తున్నాం" అని చెప్పి పక్కన ఆవకాయ వేసుకుంటే లెక్క తప్పుతుంది. షాపుల్లో దొరికే తక్కువ సోడియం ఉప్పు మాత్రం కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు కొనొద్దు. సోడియం తీసేసి అందులో కలిపేది పొటాషియం.

ఇంకొక ముఖ్యమైన మాట. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి గుండెపోటు సినిమాల్లోలా ఛాతీ పట్టుకుని పడిపోయేలా రాకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చెమటలు, వాంతి, విపరీతమైన నీరసం, ఇంతే కనిపించొచ్చు. షుగర్ కూడా ఉంటే ఇంకా ఎక్కువ. గ్యాసు అనుకుని సోడా తాగించకండి, ఈసీజీ తీయించండి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కూడా వీళ్లలో మామూలుగానే కొంచెం ఎక్కువ ఉండొచ్చు కాబట్టి కొన్ని గంటల తేడాతో రెండోసారి తీసి పెరుగుతోందా అని చూస్తారు. రెండోసారి రక్తం ఎందుకని గొడవపడకండి.

దర్శి అబ్బాయి

అందరికీ చాలా థ్యాంక్స్. మాస్టారి పోస్టు, డయాలసిస్ అన్న పోస్టు నాయనకి చదివి వినిపించాను. తెల్లారి ఆయనే "పద పోదాం" అన్నాడు. ఎకో అయింది. గుండె పంపింగ్ 60 శాతం, బాగుందన్నారు. కానీ ఎడమ గది గోడ 13 మిల్లీమీటర్లు ఉందట, లావెక్కిందన్నారు. మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి 420. పొటాషియం 4.8. డపాగ్లిఫ్లోజిన్ అని ఇంకో మాత్ర రాశారు. అది షుగర్ మాత్ర అని షాపతను చెప్పాడు. నాయనకి షుగర్ లేదు కదా, టెన్షన్ పడుతున్నాడు. పంపింగ్ బాగున్నప్పుడు గోడ గురించి భయపడాలా?

కావలి ఫార్మసిస్టు

షుగర్ కోసం వచ్చిన మాత్రే, కానీ షుగర్ లేని కిడ్నీ రోగుల్లో కూడా జబ్బు ముదరడాన్ని నెమ్మది చేస్తుందని 2020లో పెద్ద పరీక్షలో తేలింది. గుండె ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరడాన్ని కూడా తగ్గిస్తుంది. కిడ్నీకి, గుండెకి రెండింటికీ పనికొచ్చే మందులు చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి. మన దేశంలో జెనరిక్‌లు వచ్చాక ధర బాగా తగ్గింది, అడిగి తీసుకోండి. మొదట్లో క్రియాటినిన్ కొంచెం పెరగొచ్చు, కంగారు వద్దు. వాంతులు, విరేచనాలు అయిన రోజుల్లో, ఉపవాసం ఉన్నప్పుడు ఆపమని డాక్టర్లు చెబుతారు, ముందే అడిగి పెట్టుకోండి. మూత్రం దగ్గర దురద వస్తే చెప్పాలి, దాచుకోకూడదు.

కొలెస్ట్రాల్ మాత్ర కూడా ఆపకండి. కిడ్నీ జబ్బు ఉన్న 9,000 మందికి పైగా మీద చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో కొలెస్ట్రాల్ తగ్గించే మందుల జోడీతో గుండెపోటు, పక్షవాతం లాంటివి 17 శాతం తగ్గాయి. డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా పెడితే అంత లాభం కనిపించలేదు. అంటే మీ నాయన ఉన్న దశే దానికి సరైన సమయం.

పెన్నాతీరం సిస్టర్

గోడ సంగతి నేను చెబుతా. పంపింగ్ 60 అంటే పిండే శక్తి బాగుందని. లావెక్కిన గోడ సరిగా సడలదు, అంటే నిండటంలో ఇబ్బంది. పంపింగ్ బాగుండగానే ఆయాసం, నీరు చేరడం వచ్చేది ఇలాంటివాళ్లకే. ఇప్పుడే దొరికింది కాబట్టి బీపీ బాగా తగ్గిస్తే గోడ మందం కొంత తగ్గే అవకాశం ఉంది. అల్బుమిన్ 420 కూడా తక్కువ కాదు, 30 లోపుండాలి. అది కిడ్నీకే కాదు, ఒళ్లంతా నాళాల లోపలిపొర దెబ్బతింటోందని చెప్పే గుర్తు.

ఇంట్లో చేతికి కట్టే బీపీ మిషను కొనండి. మణికట్టుది వద్దు. పొద్దున మాత్రలు వేసుకోకముందు, రాత్రి పడుకునే ముందు, ఐదు నిమిషాలు కూర్చున్నాక చూసి పుస్తకంలో రాయండి. పై అంకె 130 లోపు ఉండాలని చాలామంది డాక్టర్లు చూస్తారు, తట్టుకోగలిగితే 120 దాకా తేవాలని కిడ్నీ నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. నిలబడగానే కళ్లు తిరిగితే అదీ రాసుకోండి.

పొదిలి రైతు

ఫార్మసిస్టు తమ్ముడూ, మా బావమరిదిని నిన్న తీసుకెళ్లాం. పొటాషియం 5.9. ఈసీజీ తీసి, మందు పోసి రాత్రంతా ఉంచారు, ఇప్పుడు 5.1. బోండాలు బంద్. ఆ మాత్ర మళ్లీ చిన్న డోసుతో మొదలుపెడతారట, వారంలో రక్తం చూపించమన్నారు. మా చెల్లెలు పిలకాయలతో ఏడుస్తూ కూర్చుంది, ఇప్పుడు కాస్త కుదుటపడింది. కూరగాయల్లో ఏవి తినొచ్చు?

ఆత్మకూరు డయాలసిస్ అన్న

అన్నా, మంచి పని చేశారు. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయ, వంకాయ, క్యాబేజీ మాకు చెప్పినవి. బంగాళాదుంప, చిలగడదుంప, పాలకూర, టమాటా ఎక్కువగా వద్దు. తినాలనిపిస్తే ముక్కలు చిన్నగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండండి. పండ్లలో ఆపిల్, బొప్పాయి కొంచెం కొంచెం. అరటిపండు, బత్తాయి రసం వద్దు. పొటాషియం 5 లోపు ఉన్నవాళ్లు ఇవన్నీ ముందే మానేసి నీరసపడక్కర్లేదు. దర్శి తమ్ముడూ, మీ నాయనకి 4.8 కాబట్టి రిపోర్టు చూస్తూ పోండి.

దర్శి అబ్బాయి

సరే అన్నా. బీపీ మిషను ఇవాళే కొన్నాం. మా అమ్మకి షుగర్ ఉంది, ఆమెకి మూత్రంలో అల్బుమిన్ ఎప్పుడూ చూడలేదు. రేపు నాయన రక్తానికి వెళ్లినప్పుడే ఆమెది కూడా ఇచ్చేస్తాం. పొద్దున మొదటి మూత్రమే ఇవ్వాలా, ఎప్పుడైనా ఇవ్వొచ్చా?

పెన్నాతీరం సిస్టర్

పొద్దున మొదటిది మంచిది, కుదరకపోతే ఎప్పుడిచ్చినా తీసుకుంటారు. జ్వరం, మూత్రంలో మంట ఉన్న రోజు వద్దు. ఎక్కువ వస్తే మూడు నుంచి ఆరు నెలల్లోపు మళ్లీ చూపించి ఖాయం చేసుకోవాలి. క్రియాటినిన్ కూడా రాయించండి, ఇ-జీఎఫ్ఆర్ లెక్కకి వయసు వేయమనండి.